పడవ కడుపులో పాత పెట్రోలు

మిరప తోటలకు మందు కొట్టే రోజుల్లో మా ఊరి చుట్టూ పొద్దుటే ఇంజన్లు మొదలవుతాయి. వీపున తగిలించుకునే స్ప్రేయర్లు, తోటకు ఒకటో రెండో. వినీ వినీ ఊళ్లో వాళ్లకు అది చప్పుడు కిందే లెక్కకు రాదు. నాకు మాత్రం వాటిలో ఒకటి ఆగితే తెలుస్తుంది. ఎట్లా ఆగిందో కూడా చెప్పగలను. పెట్రోలు అయిపోయిన ఇంజను రెండు మూడుసార్లు దగ్గి ఆగుతుంది. ప్లగ్గు పోయినది టక్కున ఆగుతుంది. ఆయిల్ అందక పిస్టన్ పట్టేసినది ఒకసారి గొంతు పెంచి, కీచుమని, ఆగుతుంది. ఆ మూడోది వినపడితే నేను చేతిలో స్పానర్ కింద పెట్టి కాసేపు కూర్చుంటాను. "ఏంది మేస్త్రీ, కళ్లు తిరుగుతున్నయ్యా?" అని గిరాకీకి వచ్చినవాళ్లు అడుగుతారు. అవునంటాను.

మాది అద్దంకి దగ్గర పల్లె. మా నాన్న ఆ తోటల్లోనే కూలికి మందు కొట్టేవాడు. ఆయన వీపున మోసిన ఇంజన్లను నేను బల్ల మీద పెట్టి విప్పుతాను. మా ఇంట్లో రెండు తరాల్లో జరిగిన అభివృద్ధి అంతే. నోరు మంచిది కాదని నాకు పేరుంది. ఇంజను పాడుచేసుకొని వచ్చినవాణ్ణి ముందు తిట్టి తర్వాత బాగుచేస్తాను. తిట్టడం కూడా రిపేరులో భాగమే అనుకునేవాణ్ణి.

మిరపకోతలు అయిపోయాక తోటల్లో స్ప్రేయర్లకు పని ఉండదు. సరిగ్గా అప్పుడే సముద్రంలో వేట నిషేధం మొదలవుతుంది. చేపలు గుడ్లు పెట్టే రెండు నెలలూ పడవలు ఒడ్డునే పడుకుంటాయి. అందుకని ఏటా వేసవిలో నేను పనిముట్ల పెట్టె సర్దుకొని చీరాల అవతల ఒడ్డుకు వెళ్లేవాణ్ణి. అక్కడ సరుగుడు తోపు పక్కన నాకో తాటాకు షెడ్డు ఉంది. ఫైబర్ పడవల వెనక తగిలించే చిన్న పెట్రోలు ఇంజన్లు అన్నీ ఆ రెండు నెలల్లో నా చేతి మీదుగా పోయేవి. అక్కడివాళ్లు నన్ను పేరు పెట్టి పిలవరు. మేస్త్రీ అంటారు. ఒక్క ఇల్లాలు మాత్రం అన్నా అనేది. అందువల్ల ఆమె మొగుడు నాకు బావ అయ్యాడు. కులం వేరు, మతం వేరు. అయినా పదిహేనేళ్లు ఆ వరస నడిచింది.

బావ నవ్వితే ముందు భుజాలు కదిలేవి, నవ్వు తర్వాత వచ్చేది. ఆమె నవ్వదు, అడుగుతుంది. నేను ఇంజను విప్పుతుంటే ఎదురుగా గొంతుక్కూర్చొని, ఇదేంది, అదెందుకు, ఇది లేకపోతే ఏమవుద్ది అని అడిగేది. ఆ ఒడ్డున ఎందుకు అని అడిగిన మనిషి ఆమె ఒక్కతే.

ఆ ఒడ్డుకు ఒక ఆచారం ఉంది. నిషేధం ముందు ఆఖరి వేట నుంచి వచ్చాక ట్యాంకును పొడిగా వదలరు. సగం ట్యాంకు పెట్రోలు ఉంచుతారు. పస్తున్న పడవ మనిషిని మింగుతుందని వాళ్ల మాట. రెండు నెలల తర్వాత మొదటి వేటకు దిగేటప్పుడు ఆ ఉంచిన పెట్రోలుతోనే ఇంజను తిప్పి కెరటాలు దాటాలి. ఆ తర్వాతే కొత్త పెట్రోలు. వెనకటి పెట్రోలు ఉన్న రోజుల్లో దీనివల్ల ఏ నష్టమూ లేదు. మా వైపు గాదె అడుగున గుప్పెడు గింజలు ఉంచడం లాంటిదే అనుకొని నేనూ ఊరుకునేవాణ్ణి.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది వేరు. చెరకు నుంచీ నూకల నుంచీ తీసిన స్పిరిటు కలుపుతున్నారు. ఇథనాల్ అంటారు. రోజూ పోసుకొని రోజూ తిరిగే బండి సంగతి నేను మాట్లాడను. రెండు నెలలు ఉప్పుగాలిలో కదలకుండా ఉండే ఇంజను సంగతి నాకు తెలుసు. ఆ స్పిరిటుకు నీళ్లంటే ప్రాణం. గాలిలో తేమను కూడా పీల్చుకొని తనలో దాచుకుంటుంది. ఇక పట్టనంత అయిన రోజున నీళ్లను వెంటబెట్టుకొని పెట్రోలును వదిలేసి అడుగుకు దిగిపోతుంది. ఇంజను అరగకుండా మనం పెట్రోల్లో కలిపే ఆయిల్ మాత్రం పైన పెట్రోలుతోనే ఉండిపోతుంది. ఇంజనుకు పోయే గొట్టం తాగేదేమో అడుగు నుంచి. అప్పుడు ఇంజనులోకి పోయేది ఆయిల్ చుక్క లేని స్పిరిటు నీళ్లు.

ఆ మార్పు వచ్చాక మొదటి వేసవిలోనే నాకు తెలిసిపోయింది. కార్బరేటర్ విప్పితే లోపల తెల్లటి పొడి, జిగురు. రబ్బరు గొట్టాలు ఉబ్బి వేలితో నొక్కితే మెత్తగా ఉన్నాయి. ఒడ్డున కనపడిన ప్రతివాడికీ చెప్పాను, ఈ పెట్రోలు నిలవ పెట్టొద్దురా అని. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. అక్కడ వినేవాళ్లకే నేను లోకువయ్యాను. ఆదివారం యేసు గుడికి పోయి పాటలు పాడుకునేవాడికి మన గంగమ్మ సంగతి ఏం తెలుసు అన్నట్టు చూశారు.

ఆమె ఒక్కతే ఎందుకు అని అడిగింది. నేను గాజు సీసాలో పెట్రోలు పోసి, గుక్కెడు నీళ్లు కలిపి, ఊపి, ఇసుకలో నిలబెట్టాను. కాసేపటికి అడ్డంగా గీత పడింది. పైన ఆయిల్ కలిసిన నీలం రంగు, కింద తెల్లటి నీరు. ఆమె సీసాను ఎండకు ఎత్తి చాలాసేపు చూసింది. "ఈ కిందదేనా ఇంజను తాగేది?" అంది. అవునన్నాను. మరుసటి ఏడాది నిషేధం మొదలైన రోజున ఆమె తమ పడవ ట్యాంకు మొత్తం పిడికి ఎర్ర గుడ్డ కట్టిన క్యానులోకి వంచి, నెత్తిన పెట్టుకొని, అందరూ చూస్తుండగా ఒడ్డు వెంట నడిచి నా షెడ్డులో దించింది.

"సామాన్లు కడుక్కోడానికి వాడుకో అన్నా. మా పడవలో చుక్క లేదు."

"బావ ఏమన్నాడు?"

"ఏమంటాడు? సరే అన్నాడు."

నాకు గర్వంగా అనిపించింది. దాచుకోవడం ఎందుకు? ఒక్క మనిషి నా మాట విన్నదని, అదీ ఆ ఒడ్డున, ఒక మూల కూర్చొని రెండు రోజులు మురిసిపోయాను.

ఆ క్యాను రెండు నెలలు నా షెడ్డులోనే ఉంది. రోజూ అందులో బ్రష్షు ముంచి సామాన్లు కడిగేవాణ్ణి. ముందు బోరు నీళ్లతో కడిగి, అదే తడి బ్రష్షు ఆ క్యానులో ముంచేవాణ్ణి. మూత ఎప్పుడూ సగమే బిగించేవాణ్ణి. ఊరంతటికీ నీతులు చెప్పిన మేస్త్రీ షెడ్డులో పెట్రోలు సంగతి అది. కడుక్కునే పెట్రోలుకు జాగ్రత్త ఎందుకు అనుకున్నాను.

నిషేధం ఆ రాత్రితో అయిపోతుందనగా మధ్యాహ్నం బావ వచ్చాడు. ఆమె వలకు తాళ్లు కొనడానికి చీరాల వెళ్లింది. అది చూసుకొనే వచ్చాడు. చేతిలో ఐదు లీటర్ల ఖాళీ క్యాను.

"మేస్త్రీ, ఆ పాత పెట్రోలు ఉందా?"

"అడుగున కొంచెం ఉంది. ఎందుకు?"

"ఇదిగో, దీన్లో పొయ్యి. రేపు కెరటాలు దాటేదాకా దీంతో తిప్పి, అవతల కొత్త ట్యాంకు తగిలిస్తా."

నేను తిట్టాను. ఆమె ఎండలో అంత బరువు మోసుకొచ్చింది దీనికేనా అన్నాను. బావ తల గోక్కుంటూ నిలబడ్డాడు. నిజంగా సిగ్గుపడ్డాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"దాని మాట కాదన్లేను. మా నాయన చేసింది మానలేను. దానికి తెలియకుండా పోస్తే ఇద్దరూ సంతోషిస్తారు. నువ్వు ఆదివారం పూట గుడికి పోకుండా పనిలోకి దిగుతావా చెప్పు?"

దిగను. అది ఆయనకు తెలుసు. ఆ మాటతో తిట్టడం మాని లేచాను. ఇంకో సంగతి కూడా చెప్పాలి. నా చేతి మీద నాకు నమ్మకం ఎక్కువ. పెట్రోల్లో నీళ్లు కలిస్తే సీసాలో తేర్చి పైది వంపుకోవడం చిన్నప్పటి నుంచి చేస్తున్న పని. వెనకటి పెట్రోలుతో అది ఎప్పుడూ తప్పలేదు. ఇదీ అంతే, పైనది తీసి ఇస్తే ఏమవుతుందిలే అనుకున్నాను. కొత్త పెట్రోలు గుణం గురించి ఊరికి ఉపన్యాసాలు ఇచ్చినవాణ్ణి, నా చేతి దగ్గరికి వచ్చేసరికి పాత పాఠమే చదివాను.

లోపలిది కనపడే తెల్లటి మంచినీళ్ల డబ్బాలోకి ఆ పెట్రోలు వంచి నిలబెట్టాను. గీత పడింది. నాలుగు వేళ్ల మందాన తెల్లటి నీరు అడుగున నిలిచింది. డబ్బాను నెమ్మదిగా వంచి, పైనున్న నీలం పెట్రోలును గరాటుతో బావ క్యానులోకి పోస్తున్నాను. గీత డబ్బా మూతి దగ్గరికి వస్తోంది. అప్పుడు ఆపాలి. ఆపబోతున్నాను. అప్పుడే బావ అన్నాడు.

"మా ఇంట్లో ఒక ఇంజను ఉంది మేస్త్రీ. పెట్రోలు అక్కర్లా, ఆయిల్ అక్కర్లా. పొద్దున మొదలుపెడితే పడుకునేదాకా ఆగదు."

నాకు నవ్వొచ్చింది. చెయ్యి కదిలింది. గుడగుడమని ఒక గుక్క గరాటులోకి జారింది. అది నీలంగా ఉందో తెల్లగా ఉందో నేను చూశానా లేదా? ఇప్పటికీ రోజుకు ఒకసారైనా ఆ డబ్బాను మనసులో వంచుతాను. ఒకరోజు నీలంగా కనపడుతుంది. ఎక్కువ రోజులు తెల్లగానే కనపడుతుంది. క్యానును మళ్లీ నిలబెట్టి చూడాలని ఆ క్షణాన అనిపించిన మాట నిజం. ఆయన నవ్వుతున్నాడు, నేను నవ్వుతున్నాను. ఆ నవ్వు మధ్యలో మూత బిగించేశాను.

"దానికి చెప్పమాక" అన్నాడు బావ.

"నాకేం పని?" అన్నాను.

మర్నాడు పొద్దున ఒడ్డంతా జనం. టెంకాయలు కొడుతున్నారు. నేను ఆ పూజలో నిలబడను, దూరంగా ఉంటాను. టెంకాయ ముక్క పెడితే మాత్రం తింటాను. బావ పడవలో ఆయన, ఇద్దరు కూలీలు. ఆ ఇద్దరూ వేరే ఊరివాళ్లు, ఏ క్యానులో ఏముందో వాళ్లకు తెలియదు. చిన్న క్యాను పలక కింద పెట్టి దాని గొట్టమే ఇంజనుకు తగిలించాడు బావ. నాకేసి ఒకసారి చూశాడు. భుజాలు కదిలాయి.

ఒక్క లాగుకే ఇంజను అందుకుంది. నలుగురు నడుములోతు నీళ్లలోకి తోశారు. మొదటి కెరటం మీదుగా ఎగిరి దాటింది. రెండోది దాటింది. అప్పుడు ఇంజను గొంతు పెంచింది. ఒడ్డున ఉన్నవాళ్లు వేగం పెంచాడనుకున్నారు. నేను అట్లా అనుకోలేదు. కీచుమని వినపడింది. ఆగిపోయింది.

బావ వెనక్కి తిరిగి తాడు లాగాడు. తాడు రాలేదు. పిస్టన్ పట్టేసినప్పుడు తాడు రాదు, రాయికి కట్టి లాగినట్టుంటుంది. ఆయన పాదం ఆనించి రెండు చేతులా లాగుతున్నాడు. వదిలెయ్, తెడ్డు తీసుకో అని అరిచాను. ఆ హోరులో ఎవరికి వినపడుతుంది? పడవ మెల్లగా అడ్డం తిరిగింది. మూడో కెరటం దాన్ని పక్క నుంచి ఎత్తింది. కూలీలిద్దరూ తేలారు. బావ తేలలేదు. ఎండ పైకెక్కాక దక్షిణం వైపు, పడవలు లేని చోట, సముద్రం ఆయన్ని ఒడ్డుకు తెచ్చి పెట్టింది. నుదుటి మీద ఇంజను మూత తగిలిన గాయం ఉంది.

ఆమె ఏడవలేదు. తడిసిన చీర ఒంటికి అంటుకుపోయి, ఆయన తల దగ్గర కూర్చొని ఇసుక తుడుస్తోంది. తుడిచిన చోటే మళ్లీ తుడుస్తోంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లలో ఒక ముసలామె, ఆమెకు వినపడేటట్టే అంది.

"పడవని పస్తు పెట్టి పంపింది. అది ఊరుకుంటుందా?"

ఆమె చెయ్యి ఆగింది. తల ఎత్తి నా వైపు చూసింది. అన్నా, నువ్వు చెప్పు అన్నట్టు చూసింది. పదిహేనేళ్లు అన్నా అని పిలిచిన మనిషి. నేను చెప్పవలసింది ఒక్క మాట. పడవ పస్తు లేదమ్మా, ఆచారం తప్పలేదు, నా చేత్తో నేనే పోశాను అని. నేను తల దించుకున్నాను.

మూడు రోజుల తర్వాత ఆమె తమ్ముడు ఆ ఇంజనును నా షెడ్డుకు తెచ్చాడు. ముప్పై ఏళ్లవాడు, అప్పటిదాకా వేరేవాళ్ల పడవల్లో వెళ్లేవాడు. తుప్పు పట్టకముందే కడిగి పెట్టమని అక్క చెప్పిందట. అతను వెళ్లాక కార్బరేటర్ విప్పాను. అడుగున చిన్న గిన్నె ఉంటుంది. అందులో చెంచాడు తెల్లటి నీరు. సముద్రంలో మునిగిన ఇంజను కదా, అది సముద్రపు నీరే అనుకోవచ్చు. ఎవరైనా అట్లాగే అనుకుంటారు. నేనూ అట్లాగే అనుకొని కడిగేస్తే సరిపోయేది. వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను.

ఉప్పు లేదు. చేదుగా, నాలిక చురుక్కుమంది.

సిలిండరు విప్పితే పిస్టన్ నిండా గీతలు. ఆయిల్ లేకుండా ఇనుము ఇనుమును గీరిన గీతలు. అన్నీ కడిగి తుడిచాను. తమ్ముడు వచ్చి అడిగితే, "కెరటం కొట్టినప్పుడు నీళ్లు పోయినయ్" అన్నాను. అడిగింది అతను, అబద్ధం చెప్పింది నేను. కాని అతనికంటే ముందు ఆ షెడ్డులో ఎవరో ఆ మాట విన్నట్టు అనిపించి వెనక్కి తిరిగి చూశాను. ఆ మంచినీళ్ల డబ్బా మూల నిలబడి ఉంది.

మా ఊరు వచ్చేశాక తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. తోటల్లో ఏ స్ప్రేయరు ఆగినా బావ తాడు లాగుతూ కనపడేవాడు. నీళ్ల సీసా వంచుకొని తాగబోతే మధ్యలో గీత ఉన్నట్టుండేది. గుడిలో సాక్ష్యాలు చెప్పే సమయంలో ఒక ఆదివారం లేచి నిలబడ్డాను. అందరూ నా వైపు తిరిగారు. పాస్టరు గారు "చెప్పండి అయ్యా" అన్నారు. దేవుడు నన్ను ప్రమాదాల నుంచి కాపాడాడని చెప్పి కూర్చున్నాను. అంతకంటే పెద్ద అబద్ధం ఆ గుడిలో ఎవరూ ఆడి ఉండరు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరు ఏ చావు గురించి మాట్లాడినా నేను ముందు నా చేతులు చూసుకునేవాణ్ణి.

మరుసటి వేసవి ఆ ఒడ్డుకు పోకూడదనుకున్నాను. పోయాను. పోకపోతే అనుమానపడతారని పోయాను. నాకు తెలిసిన కారణం అదే. అక్కడ చూస్తే ఆచారం ఇంకా గట్టిపడింది. సగం ట్యాంకు ఉంచేవాళ్లు నిండుగా ఉంచారు. పడవ పస్తుంటే ఏమవుతుందో కళ్లారా చూశాం కదా అన్నారు. ఆమె పేరు ఎత్తకుండా ఆ ఇల్లాలు అనేవాళ్లు, ఆ ఇల్లాలు చేసిన పనికి అని. రెండు నెలలు ఆ మాట విన్నాను. ట్యాంకుల్లో పెట్రోలు తీసెయ్యండి అని చెప్పే నోరు నాకు లేదు. వాళ్లూ నన్ను అడగలేదు.

నిషేధం ఆఖరి రోజు పొద్దున ఆమె వచ్చింది. వెనక తమ్ముడు ఇంజను మోసుకొచ్చి డ్రమ్ముకు తగిలించాడు. నీళ్ల డ్రమ్ములో తిప్పి చూడడం మా అలవాటు. ఆమె చేతిలో ట్యాంకు ఉంది. దాన్ని కింద పెట్టి రెండడుగుల దూరంలో నిలబడింది. ఎదురుగా కూర్చోలేదు. ఏమీ అడగలేదు.

"రేపు తమ్ముడు దిగుతున్నాడు అన్నా. ఈసారి తప్పు చెయ్యలా. కడుపు నిండా ఉంచా. దీంతోనే తిప్పి చూడు."

ఎప్పుడూ ఎందుకు అని అడిగే మనిషి, తాను చూసిన గీతను మరిచిపోయి, ఆ ట్యాంకును దేవుడి పటంలా మోసుకొచ్చింది. అట్లా చేసింది నేను. రేపు ఆ తమ్ముడు ఆ పెట్రోలుతో కెరటాల్లోకి దిగుతాడు. నా నోరు మూసి ఉంటే ఈసారి చేతితో పొయ్యక్కర్లేదు, ఊరుకుంటే చాలు.

మూల నుంచి గాజు సీసా తెచ్చి, గొట్టం దించి ట్యాంకు అడుగు నుంచి లాగి దాన్లో పోసి, ఆమె చేతికి ఇచ్చాను. గీత పడేదాకా ఆగక్కర్లేదు. పోసింది పోసినట్టు అడుగున తెల్లగా ఉంది.

ఆమె చూసింది. "నువ్వు చూపించినప్పుడు నమ్మా అన్నా. నమ్మినందుకు ఇట్లా అయ్యింది" అంది.

"నువ్వు నమ్మినందుకు కాదమ్మా. బావ వచ్చాడు నా దగ్గరికి. ముందు రోజు, నువ్వు చీరాల పోయినప్పుడు."

ఒకసారి మొదలయ్యాక ఆగలేదు. క్యాను, తడి బ్రష్షు, సగం మూత, నవ్వు, జారిన గుక్క, గిన్నెలో ఉప్పు లేని నీళ్లు, అన్నీ చెప్పాను. తమ్ముడు డ్రమ్ము దగ్గర నుంచి రెండడుగులు నా మీదికి వచ్చాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. కొట్టి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

ఆమె సీసాను ఒకసారి ఊపి చూసింది. తర్వాత అడిగింది.

"ఎందుకు నవ్వారు?"

"ఏమ్మా?"

"పోసేటప్పుడు నవ్వామన్నావుగా. ఏమన్నాడు ఆయన?"

చెప్పలేక చెప్పాను. మా ఇంట్లో ఒక ఇంజను ఉంది, పెట్రోలు అక్కర్లేదు, పొద్దున మొదలుపెడితే పడుకునేదాకా ఆగదు అన్నాడని చెప్పాను. ఆమె నోటి చివర కొంచెం కదిలింది. సంవత్సరం తర్వాత మొగుడి నోటి నుంచి ఒక కొత్త మాట విన్నది. ఆ తర్వాత అక్కడే ఇసుకలో కూలబడి, ఆ రోజు ఏడవనిదంతా ఏడ్చింది. నేను పక్కన నిలబడ్డాను. ఓదార్చే అర్హత నాకు లేదు, వెళ్లిపోయే ధైర్యమూ లేదు.

లేచి మొహం తుడుచుకొని, "వాళ్లు నన్ను అన్నదంతా విన్నావుగా?" అంది.

"విన్నాను."

"ఏడాది."

"అవునమ్మా."

"రా" అంది. సీసా నా చేతికిచ్చి ముందు నడిచింది.

వలలు సర్దుకుంటున్న జనం మధ్యకు తీసుకెళ్లి నిలబెట్టింది. గుడిలో నోట్లోనే ఉండిపోయిన సాక్ష్యాన్ని ఆ ఒడ్డున చెప్పాను. గంగమ్మ ఎదురుగా, చేతిలో సీసాతో. అయిపోయాక ఒక ముసలాయన సీసా తీసుకొని ఎండకు ఎత్తి చూశాడు. "అయితే వాడు ఆచారం తప్పలేదన్నమాట" అన్నాడు. ఆయనకు అందులో తృప్తి కలిగిందనుకుంటాను. పస్తు పెట్టి పంపింది అన్న ముసలామె వల దులుపుతూ ఉండిపోయింది. మమ్మల్ని క్షమించు అని ఆ ఇల్లాలిని ఎవరూ అడగలేదు. నన్ను తిట్టినవాళ్లు తిట్టారు. అవి ఇక్కడ రాయను, అన్నీ న్యాయమైనవే.

తమ్ముడు ముందు తన ట్యాంకు వంచేశాడు. తర్వాత ఇంకొకరు, మరొకరు. సాయంత్రానికి ఎక్కువమంది కొత్త పెట్రోలు తెచ్చుకున్నారు. కొందరు తేలేదు. వాళ్ల ట్యాంకులు అడిగి అడిగి నేనే సీసాలో పోసి చూశాను, ఒక్కొక్కటీ రెండేసి సార్లు. ఆచారం పోయిందని కాదు. ఇప్పుడు నిషేధానికి ముందు ఒక చిన్న సీసాలో మూతెడు పెట్రోలు దాచి, మొదటి వేట రోజున దాన్ని పడవ ముక్కు మీద చల్లి, కొత్త పెట్రోలుతో కెరటాలు దాటుతున్నారు. దానికి గంగమ్మ అభ్యంతరం చెప్పినట్టు లేదు.

ఆమె నాతో మాట్లాడడం మానేసింది. ఇంజను చీరాలలో వేరే మేస్త్రీ దగ్గరికి పంపుతుంది. దారిలో ఎదురైతే పక్కకు తిరగదు, నా మీదుగా చూస్తుంది. అది నాకు బాగా తెలిసిన చూపు. ఆ రోజు ఆయన తల దగ్గర కూర్చొని చూసిన చూపును నేను తీసుకోలేదు, ఇప్పుడు ఆమె ఇవ్వడం లేదు.

ఈ ఏడాది నిషేధం మొదలైన రోజున షెడ్డు ఊడ్చుకుంటుంటే తమ్ముడు వచ్చాడు. భుజం మీద క్యాను. అదే క్యాను, పిడి దగ్గర ఆమె కట్టిన ఎర్ర గుడ్డ రంగు వెలిసిపోయి ఉంది. లోపలికి వచ్చి, ఆమె మొదటిసారి దించిన చోటే దించాడు.

"అక్క పంపింది. సామాన్లు కడుక్కోమంది."

చేతులు తుడుచుకున్నాను. అతను గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"ఎవరడిగినా ఇవ్వొద్దంది" అన్నాడు.

"ఇవ్వనని చెప్పు" అన్నాను. అతను వెళ్లాక క్యాను దగ్గర కూర్చొని మూత గట్టిగా బిగించాను.